మారిషస్ అంటే ఒక్క దీవేనా? మిగతా దీవుల్ని చార్ట్‌లో ఎక్కడ పెట్టాలి?

సిరి_అమ్మ · శనివారం ఉదయం 7:42

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సోషల్ ప్రాజెక్టుకి క్లాసులో ఒక్కొక్కరికి ఒక్కో ద్వీప దేశం ఇచ్చారు, మా పాపకి మారిషస్ వచ్చింది. గురువారం చార్ట్ ఇవ్వాలి. బుక్ షాపులో కొన్న మ్యాప్‌లో ఒక్కటే దీవి ఉంది, కోడిగుడ్డు ఆకారంలో. పాప ఎక్కడో చదివిందట, "అమ్మా, ఈ దేశానికి ఇంకా దీవులున్నాయి కదా, మరి ఇందులో ఎందుకు లేవు?" అని రాత్రి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నేను కోనసీమ లంకలో పుట్టి పెరిగినదాన్ని. చిన్నప్పుడు మా స్కూల్లో గోడకి తగిలించిన జిల్లా మ్యాప్‌లో మా లంక లేదు. గోదారి నీలం రంగే ఉండేది అక్కడ. ఆ వెలితి ఇప్పటికీ గుర్తుంది. అందుకే పాప అడిగింది తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. ఎన్ని దీవులు, ఎంత దూరంలో ఉన్నాయి, ఒక్క చార్ట్‌లో పట్టించడం కుదురుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పటాలపిచ్చి · శనివారం ఉదయం 8:15

మేడమ్, పాప చాలా మంచి ప్రశ్న అడిగింది. చార్ట్ కొనే ముందు ఒక లెక్క వేసుకుందాం.

పెద్ద దీవి పొడవు దాదాపు 65 కి.మీ., వెడల్పు 45. ఒక సెంటీమీటరుకి 10 కి.మీ. చొప్పున గీస్తే ఆరున్నర సెంటీమీటర్ల దీవి వస్తుంది, అరచేతిలో పడుతుంది. ఇప్పుడు అదే కొలతలో రోడ్రిగ్స్ దీవిని పెట్టాలంటే తూర్పుకి 60 సెంటీమీటర్లు జరగాలి. సెయింట్ బ్రాండన్ ఇసుక దీవులు ఈశాన్యంగా 43 సెంటీమీటర్ల దూరంలో పడతాయి. అగలేగా ఉత్తరాన 1.1 మీటర్లు. చాగోస్ దీవుల్లో పెద్దదైన డియాగో గార్సియా ఈశాన్యంగా రెండు మీటర్లు దాటి పోతుంది. అదీ షాపు మ్యాప్‌లో ఒక్క దీవే ఉండటానికి కారణం. మిగతావి వేస్తే కాగితం నిండా నీళ్లే మిగులుతాయి.

నా సలహా ఇది. 56 బై 71 సెంటీమీటర్ల చార్టులు రెండు పక్కపక్కన అతికించండి. సెంటీమీటరుకి 25 కి.మీ. పెట్టుకోండి. అన్నీ పడతాయి. పెద్ద దీవి రెండున్నర సెంటీమీటర్లే వస్తుంది కాబట్టి దాన్ని వేరే కాగితం మీద పెద్దగా గీసి పక్కన అంటించండి.

శ్రీకాకుళం_శీను · శనివారం ఉదయం 9:03

మేడమ్, ఇంత కష్టం అవసరమా? మా అబ్బాయిది కూడా ఎనిమిదే, ఈ ప్రాజెక్టుల టెన్షన్ నాకు తెలుసు. దేశం మొత్తం 2,040 చదరపు కి.మీ. అయితే అందులో 1,865 ఆ ఒక్క దీవే. జనం దాదాపు అందరూ అక్కడే. మిగతావి మూలలో ఒక డబ్బా గీసి అందులో పెట్టేస్తే సరిపోతుంది. మన అండమాన్‌ని కూడా చాలా మ్యాపుల్లో అలాగే వేస్తారు కదా. పిల్లలకి నిద్ర ముఖ్యం.

కోరంగి_మనవడు · శనివారం మధ్యాహ్నం 1:20

నమస్కారం. నేను మారిషస్ నుంచి రాస్తున్నాను. మా తాతల తాతలు కోరంగి రేవు వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చారు. ఇక్కడ తెలుగువాళ్లని పాతకాలం నుంచి కొరింగీలు అనేవారు, ఆ రేవు పేరే మా పేరయింది. ఇంట్లో ఇక్కడి భాష క్రియోల్ మాట్లాడతాం. తెలుగు నేను స్కూల్లో నేర్చుకున్నాను, తప్పులుంటే దిద్దండి.

శీను గారూ, ఆ డబ్బా గురించి ఒక మాట. డబ్బాలో పెడితే దూరం పోతుంది. దూరమే రోడ్రిగ్స్ జీవితం. మా దగ్గర నుంచి విమానంలో గంటన్నర, ఓడలో అయితే ఒక రోజున్నర దాకా పడుతుంది. వాళ్లకి సిమెంటు, బియ్యం, గ్యాస్ అన్నీ ఓడలో వెళ్లాలి. తుపాను వచ్చి ఓడ ఆగితే అంగడి అరలు ఖాళీ. 108 చదరపు కి.మీ. దీవి, 43 వేల మంది పైగా ఉంటారు. ఎత్తయిన కొండ మోం లిమోన్, 398 మీటర్లే. ఏరులు చిన్నవి, వానలు నమ్మకం లేనివి, అందుకే తాగునీటికి ఎప్పుడూ ఇబ్బంది. సముద్రం నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు పెట్టారు.

కానీ ఆ దీవి చుట్టూ ఉన్న లాగూన్ చూడాలి. పగడపు గట్టు లోపల మోకాటి లోతు నుంచి నడుము లోతు దాకా ఉండే నీళ్లు. అది 240 చదరపు కి.మీ., అంటే నేలకన్నా రెండింతలు. పాటు సమయంలో ఆడవాళ్లు బూట్లు వేసుకుని, ఇనుప మొన ఉన్న కర్ర పట్టుకుని ఆ గట్ల మీద నడుస్తూ ఆక్టోపస్‌లు పడతారు. మా అమ్మతో వెళ్లినప్పుడు ఒక ముసలామెని చూశాను. రాయి కింద ఆక్టోపస్ ఉందో లేదో పైనుంచి చూసి చెప్పేసేది. 2012 నుంచి ఏటా ఆగస్టు ప్రాంతంలో రెండు నెలలు ఆ వేట మూసేస్తున్నారు. పిల్లలు ఎదగాలి కదా. తెరిచిన రోజు ఊరంతా లాగూన్‌లోకి దిగుతుంది, అది పండగే. సిరిని ఆ లాగూన్ కూడా గీయమనండి. నేల మాత్రమే గీస్తే రోడ్రిగ్స్ మూడో వంతే గీసినట్టు.

ఇంకొకటి. 2001 చట్టంతో వాళ్లకి స్వయంపాలన వచ్చింది, మరుసటి ఏడాదే సొంత ప్రాంతీయ అసెంబ్లీ ఏర్పడింది. రాజధాని పోర్ట్ మాతురిన్. డబ్బాలో పెట్టాల్సినంత చిన్నది కాదు.

రాతిమాస్టారు · శనివారం సాయంత్రం 6:48

చాలా సంతోషంగా ఉంది ఈ చర్చ చూస్తే. నేను డిగ్రీ కాలేజీలో భూగర్భ శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పాపకి ఒక విషయం చెప్పండమ్మా, మారిషస్ మనకి బంధువు. నేను చెప్పేది చెరకు కూలీల చుట్టరికం కాదు, రాతి చుట్టరికం.

భూమి లోపల నుంచి వేడి శిలాద్రవం పైకి పొంగే చోట్లు కొన్ని ఉంటాయి, హాట్‌స్పాట్ అంటాం. దాని మీద భూఫలకం నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. కింద పొయ్యి కదలదు, పైన పెనం జరుగుతుంది అనుకోండి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట మన దక్కన్ ఆ పొయ్యి మీద ఉంది. అప్పుడు పొంగిన లావానే దక్కన్ ట్రాప్స్. ఆదిలాబాద్ పత్తి చేల నల్లరేగడి, వికారాబాద్ వైపు నల్లరాయి, అన్నీ ఆ పొంగు ఫలితమే. రాజమండ్రి దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి కూడా ఆ కాలం బసాల్టే. పడమటి నుంచి వందల కి.మీ. ప్రవహించి వచ్చిన లావా అని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం.

తర్వాత మన ఫలకం ఉత్తరానికి జరిగింది. వెనక వరసగా లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్ కింద ఉన్న గట్లు ఏర్పడ్డాయి. ఆ పైన సముద్రం అడుగున ఉన్న మాస్కరీన్ పీఠభూమి, దాదాపు 80 లక్షల ఏళ్ల కిందట మారిషస్, ఆఖరున రీయూనియన్. ఆ పొయ్యి ఇప్పుడు రీయూనియన్ కింద వెలుగుతోంది, అక్కడి పితోన్ ద లా ఫుర్నేజ్ అగ్నిపర్వతం ఇప్పటికీ లావా కక్కుతుంది. అది మారిషస్‌కి 225 కి.మీ. దూరంలోనే ఉన్నా ఫ్రాన్స్‌ది, కాబట్టి చార్ట్‌లో వేరే రంగు.

రోడ్రిగ్స్ సంగతి కొంచెం వేరు. అది ఈ వరసలో కాకుండా తూర్పుకి ఒక పక్క గట్టు మీద ఉంది. వయసు 15 లక్షల ఏళ్లు, అంటే మారిషస్‌కి చెల్లెలు. అగలేగా, సెయింట్ బ్రాండన్, చాగోస్ దీవుల్లో పైకి కనిపించేది లావా కాదు, పగడాలు కట్టిన సున్నపు నేల. పాత అగ్నిపర్వతాలు మునిగిపోయాక వాటి నెత్తి మీద పగడాలు ఇల్లు కట్టుకున్నాయి. ఒకే దేశంలో ఒకచోట 828 మీటర్ల కొండ, ఇంకోచోట తాటిచెట్టు ఎత్తు కూడా లేని నేల ఉండటానికి కారణం ఇదే.

2017లో ఇంకో ముచ్చట బయటపడింది. మారిషస్ రాళ్లలో దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ అనే ఖనిజం రేణువులు దొరికాయి. దీవి వయసు 80 లక్షలైతే ఇవి ఎక్కడివి? లావా పైకి వస్తూ అడుగున పూడిపోయిన పాత ఖండం ముక్కని గీక్కుంటూ వచ్చిందని వివరణ. ఆ ముక్కకి మారిషియా అని పేరు పెట్టారు. ఇండియా, మడగాస్కర్ విడిపోయినప్పుడు మధ్యలో చితికిన ముక్క అది.

సిరి_అమ్మ · శనివారం రాత్రి 9:10

మాస్టారూ, ఇది పాపకి చదివి వినిపించాను. వెంటనే వంటింట్లోకి వెళ్లి పెనం తెచ్చి, గ్యాస్ వెలిగించకుండానే దాన్ని జరుపుతూ వాళ్ల నాన్నకి చూపించింది. మా నాన్నగారు పంగిడి కంకరతోనే మా ఇంటి పునాది పోయించారు. ధన్యవాదాలు.

ఓడసరంగు · ఆదివారం ఉదయం 5:55

కాకినాడ వాడిని. మర్చంట్ షిప్పుల్లో 22 ఏళ్లు. ఆ నీళ్లలో చాలాసార్లు వెళ్లాను. పాప గీసే దీవుల్లో సెయింట్ బ్రాండన్ గురించి నేను చెప్పాలి, ఎందుకంటే దాని పేరు వింటే ఓడ నడిపే బ్రిడ్జి మీద ఉన్నవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

దాని పోర్చుగీసు పేరు కార్గాడోస్ కరాజోస్. పదుల కొద్దీ ఇసుక దిబ్బలు, చిన్న దీవులు. అన్నీ కలిపినా నేల ఒకటిన్నర చదరపు కి.మీ. కూడా ఉండదు. కొన్ని దిబ్బలు తుపాను తర్వాత మాయమై ఇంకోచోట లేస్తాయి. పగలు చూస్తే పక్షులు, తాబేళ్లు, ముత్యం రంగు నీళ్లు. రాత్రి అయితే ఏమీ కనపడదు, అంత పల్లం నేల. కానీ దాని తూర్పు వైపు పగడపు గట్టు విల్లులా పదుల కి.మీ. పొడవునా వంగి ఉంటుంది. మొదటిసారి ఆ పక్కగా వెళ్లినప్పుడు నాకు 23 ఏళ్లు, రాత్రి వాచ్. ఓడలోని సముద్ర పటంలో చుక్కలు తప్ప రాడార్‌లో ఏమీ లేదు. తెల్లవారాక దూరంగా అల విరిగే తెల్లటి గీత కనిపించింది. నేల కనిపించలేదు. ఆ గీత ఒక్కటే దీవి ఉందని చెప్పింది. పాపని ఆ గట్టుని తెల్ల స్కెచ్ పెన్‌తో గీయమనండి. పెన్సిల్ ముక్కుతో పెట్టే చుక్కల కన్నా అదే అసలు సెయింట్ బ్రాండన్. జాలర్లు, కోస్ట్ గార్డ్, వాతావరణ కేంద్రం వాళ్లు తప్ప స్థిరంగా ఉండే ఊరు లేదు.

పగడపు గట్టు ఎంత ప్రమాదమో 2020 జులై 25న లోకమంతా చూసింది. వకాషియో అనే ఓడ మారిషస్ ఆగ్నేయ తీరంలో పోయింట్ దెస్నీ దగ్గర పగడపు గట్టు మీదకి ఎక్కి ఇరుక్కుపోయింది. ఆగస్టు 6 నుంచి నూనె కారింది, సుమారు వెయ్యి టన్నులు. ఆ పక్కనే అరుదైన పక్షుల్ని పెంచే ఇల్ ఓ ఎగ్రెత్ దీవి. జనం చెరకు ఆకుల్ని గుడ్డ సంచుల్లో కూరి, కుట్టి, తాళ్లతో కట్టి నూనెకి అడ్డం వేశారు. ఓడ మీద పనిచేసేవాడిగా ఆ వార్త చదివి రెండు రోజులు అన్నం సహించలేదు నాకు.

శ్రీకాకుళం_శీను · ఆదివారం ఉదయం 8:30

సరంగు గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. సరే, డబ్బా మాట వెనక్కి తీసుకుంటున్నా. అగలేగా అంటే గుర్తొచ్చింది, అది ఇప్పుడు మన ఇండియా నేవీ బేస్ కదా? అది కూడా రాయండి చార్ట్‌లో, పిల్లలకి గర్వంగా ఉంటుంది.

పటాలపిచ్చి · ఆదివారం ఉదయం 9:05

శీను గారూ, అలా రాయకండి. అగలేగా మారిషస్‌దే. 2015 ఒప్పందం ప్రకారం మన దేశం అక్కడ 3 కి.మీ. రన్‌వే, కొత్త జెట్టీ కట్టించింది. 2024 ఫిబ్రవరి 29న రెండు దేశాల ప్రధానులు కలిసి ప్రారంభించారు. సైనిక స్థావరం అన్న మాటని మారిషస్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. రక్షణ నిపుణులు వేరే రకంగా రాస్తారు, నిజమే. ఎనిమిదో తరగతి చార్ట్‌లో మాత్రం కట్టింది ఎవరు, ఎప్పుడు అని రాస్తే చాలు.

ఓడసరంగు · ఆదివారం ఉదయం 9:40

నేను ఒక మాట కలుపుతాను. అంతకుముందు అక్కడ ఓడ ఆనుకునే చోటు లేదు. ఏడాదికి కొన్నిసార్లే ఓడ వచ్చేది, బయట లంగరు వేసి సామాను చిన్న పడవల్లోకి దింపాలి. ఉత్తర దీవి పన్నెండు కి.మీ. పొడవు, దక్షిణ దీవి ఏడు. మధ్యలో ఇసుక మేట. రెండింట్లో కలిపి 300 మంది. అంతా కొబ్బరి తోటలు. కోనసీమ మేడమ్‌కి చెప్పక్కర్లేదు, ఎండుకొబ్బరి, నూనె, అదే బతుకు. ఉత్తర దీవిలో ఊరి పేరు వాంత్ సెంక్, అంటే ఇరవై అయిదు. బానిసలకి వేసే కొరడా దెబ్బల లెక్క అని అక్కడివాళ్లు చెబుతారు. 2024 డిసెంబరులో చీడో తుపాను మాయోత్ దీవిని ముంచకముందు వీళ్లని కొట్టింది. ఆ రన్‌వే ఉంది కాబట్టే సాయం త్వరగా చేరింది. 300 మందికి రన్‌వే ఎందుకని అడిగేవాళ్లకి ఇదే నా జవాబు.

నెల్లూరు_వకీలు · ఆదివారం మధ్యాహ్నం 12:15

కొంచెం చట్టం కూడా చెప్పుకుందాం, లేకపోతే ఈ చుక్కల విలువ తెలియదు. సముద్ర చట్టం ప్రకారం ఒక దేశానికి తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే 370 కి.మీ. దాకా ప్రత్యేక ఆర్థిక మండలి ఉంటుంది. అందులో చేపలు, అడుగున ఖనిజాలు ఆ దేశానివి. మారిషస్ నేల మన జిల్లా అంత కూడా లేదు, దాని సముద్రం మాత్రం దాదాపు 23 లక్షల చదరపు కి.మీ. ఆ విస్తీర్ణం ఇచ్చింది ఈ దూరపు దీవులే. పైగా సీషెల్స్‌తో కలిసి మాస్కరీన్ పీఠభూమి మీద మరో 3,96,000 చదరపు కి.మీ. సముద్రగర్భం 2011లో ఐక్యరాజ్యసమితి కమిషన్ నుంచి సాధించుకున్నారు. హద్దు గీసుకుని కొట్టుకోకుండా ఇద్దరూ కలిసి నిర్వహిస్తున్నారు. ఇది నాకు చాలా నచ్చిన సంగతి.

ఇక వివాదాలు రెండు. వాయవ్యంగా ట్రోమ్లాన్ అనే ఒక చదరపు కి.మీ. ఇసుక దీవి ఉంది. ఫ్రాన్స్ చేతిలో ఉంది, మారిషస్ తనదంటుంది. 1761లో ఒక ఫ్రెంచి ఓడ అక్కడ పగిలింది. నావికులు పడవ కట్టుకుని వెళ్లిపోయారు, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసల్ని వదిలేశారు. పదిహేనేళ్ల తర్వాత, 1776లో ఇంకో ఓడ వెళ్లేసరికి ఏడుగురు ఆడవాళ్లు, ఒక పసిబిడ్డ బతికున్నారు. అంత చిన్న ఇసుక ముక్క మీద పదిహేనేళ్లు.

రెండోది చాగోస్. స్వాతంత్ర్యం ఇచ్చే ముందు, 1965 నవంబరు 8న బ్రిటన్ ఆ దీవుల్ని మారిషస్ నుంచి విడదీసింది. మారిషస్‌కి స్వాతంత్ర్యం 1968 మార్చి 12న. 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడదీత చెల్లదని సలహా తీర్పు ఇచ్చింది. అదే ఏడాది మేలో ఐరాస జనరల్ అసెంబ్లీలో 116 దేశాలు మారిషస్ పక్షాన, 6 దేశాలు వ్యతిరేకంగా ఓటేశాయి. 2025 మే 22న అప్పగింత ఒప్పందంపై రెండు దేశాలు సంతకాలు చేశాయి. డియాగో గార్సియాలో ఉన్న అమెరికా, బ్రిటన్ సైనిక స్థావరం మాత్రం 99 ఏళ్లు కొనసాగేలా రాసుకున్నారు. సంతకం వేరు, అమల్లోకి రావడం వేరు. మారిషస్ రాజ్యాంగం 111వ సెక్షన్‌లో దేశం అంటే ఏమిటో చెప్పే చోట రోడ్రిగ్స్, అగలేగా, ట్రోమ్లాన్, కార్గాడోస్ కరాజోస్, చాగోస్ పేర్లన్నీ వరసగా ఉన్నాయి. కాబట్టి అన్నీ ఒకే రంగు వేయండి.

పటాలపిచ్చి · ఆదివారం మధ్యాహ్నం 12:50

వకీలు గారితో ఇక్కడ ఏకీభవించను. మ్యాప్ చూసేవాళ్లకి ఎవరి పాలనలో ఉందో కూడా తెలియాలి. ట్రోమ్లాన్, చాగోస్ గీతలు గీతలుగా వేసి, పక్కన కారణం రాయాలి. ఒకే రంగు వేస్తే గొడవే లేదన్నట్టు ఉంటుంది.

నెల్లూరు_వకీలు · ఆదివారం మధ్యాహ్నం 1:10

మీ గీతలు చూసినవాళ్లు హక్కు సగమే అనుకుంటారు. నేను నా మాట మీదే ఉన్నాను. పాపనే నిర్ణయించుకోనివ్వండి.

కోరంగి_మనవడు · ఆదివారం సాయంత్రం 7:25

చాగోస్ మాట రాగానే నాకు మా వీధి గుర్తొచ్చింది. ఆ స్థావరం కోసం 1968 నుంచి 1973 మధ్య ఆ దీవుల జనాన్ని మొత్తం, ఒకటిన్నర నుంచి రెండు వేల మందిని, ఓడల్లో ఎక్కించి మారిషస్‌లో, సీషెల్స్‌లో దించేశారు. వాళ్ల కుక్కల్ని చంపేశారు. కొబ్బరి తోటల్లో పని, చేపలు, సొంత ఇల్లు ఉన్నవాళ్లు పోర్ట్ లూయిస్ మురికివాడల్లో అద్దెకి కూడా గతిలేక బతికారు. నా చిన్నప్పుడు మా పక్కింట్లో ఒక చాగోస్ అవ్వ ఉండేది. కొబ్బరిపాలతో చేపల కూర వండేది. ఎవరైనా "నీ ఊరు ఎక్కడ" అంటే ఇంటి వెనక గోడ వైపు, ఈశాన్యానికి చెయ్యి చాపేది. మ్యాప్ అవసరం లేదు ఆమెకి. దయచేసి ఆ దీవుల పక్కన సైనిక స్థావరం అని ఒక్కటే రాయకండి. అక్కడ మనుషులు ఉండేవారని రాయండి.

ఇంకా ఒకటి మర్చిపోయారు. పెద్ద దీవికి ఉత్తరాన దగ్గర్లోనే చిన్న దీవులున్నాయి. ఇల్ ప్లాత్, దాని పక్కన గాబ్రియెల్. వలస ఓడల్లో వచ్చినవాళ్లని రోగాల భయంతో ముందు అక్కడ ఆపేవారు. 1856లో కలకత్తా నుంచి వచ్చిన రెండు ఓడల వాళ్లని గాబ్రియెల్ మీద దించితే సరైన నీడ, నీళ్లు లేక, కలరాతో వందల మంది పోయారు. ఇప్పుడు టూరిస్టులు ఈతకి వెళ్తారు. నేనూ వెళ్లాను, కానీ నీళ్లలో దిగబుద్ధి కాలేదు.

సిరి_అమ్మ · గురువారం రాత్రి 8:05

అందరికీ చెప్పాలి కదా. ఆదివారం రాత్రి పాప ముందు హాల్లో నేల మీద ముగ్గుపిండితో గీసి చూస్తానంది, పటాలపిచ్చి గారి మొదటి లెక్క ప్రకారం, సెంటీమీటరుకి 10 కి.మీ. టీవీ కింద మారిషస్ పెట్టింది. రోడ్రిగ్స్ సోఫా కాలు దగ్గర వచ్చింది. అగలేగా దగ్గర ఒక కొబ్బరి ముక్క పెట్టింది. డియాగో గార్సియా కోసం టేపు సాగదీసుకుంటూ వెళ్తే వంటింటి గడప దాటింది. వాళ్ల నాన్న అడ్డంగా నడుస్తుంటే "నాన్నా, చాగోస్ తొక్కకు" అని అరిచింది.

తర్వాత రెండు చార్టులు అతికించి 25 కి.మీ. లెక్కన గీసింది. రోడ్రిగ్స్ చుట్టూ లాగూన్ లేత నీలంలో వేసింది. సెయింట్ బ్రాండన్‌కి తెల్ల గీత గీసింది. ట్రోమ్లాన్, చాగోస్‌కి మారిషస్ రంగే వేసి పైన పెన్సిల్‌తో సన్నగా గీతలు పెట్టింది, ఇద్దరి మాటా విన్నట్టు. చాగోస్ పక్కన "ఇక్కడి వాళ్లు ఇంకా ఈశాన్యం వైపు చూస్తారు" అని రాసుకుంది. నేను చెప్పింది కాదు.

టీచర్ చార్ట్ తీసుకుని, ఇంత ఖాళీ ఎందుకు వదిలావని అడిగారట. "అది ఖాళీ కాదు మేడమ్, అదీ దేశమే" అందట. పైన మిగిలిన చోట అడుగున మారిషియా ఉందని రాయడం మర్చిపోయిందని ఇప్పుడు బాధపడుతోంది. మాస్టారూ, రేపు స్కెచ్ పెన్ తీసుకెళ్లి రాస్తుందట, ఆ జిర్కాన్ వయసు మళ్లీ ఒకసారి చెప్పండి, 300 కోట్లే కదా?

రాతిమాస్టారు · గురువారం రాత్రి 8:21

అవునమ్మా, 300 కోట్లే. దాదాపు అని రాయమనండి.